మామ, నేను, వెనక చక్రం

ఆ రోజుల్లో పెళ్లయి అత్తవారింటికి పోయే ఆడపిల్లకు బుద్ధులు చెప్పడానికి మా కుప్పంలో మనుషులకు కొదవ ఉండేది కాదు. గడ్డలు కట్టకుండా సంగటి కెలకడం ఎట్లాగో ఒకరు, అత్తకు కోపం వచ్చినప్పుడు ఏ గదిలో పని కల్పించుకోవాలో మరొకరు, మామగారి ముందు గొంతు ఎంతవరకు లేవవచ్చో ఇంకొకరు (అసలు లేవకూడదని తేల్చారు) నాకు నేర్పి పంపారు. అంతమందిలో ఒక్కరైనా "అమ్మాయీ, మోటర్ సైకిల్ చక్రానికి స్పోకులు వేసేది కూడా కొంచెం తెలుసుకోని పో" అని చెప్పిన పాపాన పోలేదు. మదనపల్లెలో మా అత్తగారింటి వరండాకు పెళ్లప్పుడు కట్టిన రంగు కాగితాలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వాటి కింద చాప పరుచుకుని, మధ్యలో ఒక ఖాళీ రిమ్ము పెట్టుకుని, ఇటు నేను, అటు మా మామ కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడలేక ఆ రిమ్ము బొక్కల్లోకి చూస్తూ ఉండిపోయిన ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు.

మా మామ మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మనిషి. మాటల్ని కూడా మాత్రల్లాగే లెక్కపెట్టి ఇచ్చేవారు. నా వరకు పొద్దున "కాఫీ అమ్మా", మధ్యాహ్నం "ఎండ", రాత్రి "తలుపేసుకో". ఈ మూడు పూటల మోతాదు దాటి ఒక్క మాట ఎక్కువ పడేది కాదు. నామీద కోపమేమోనని మొదట్లో బెంగపడ్డాను. మా ఆయన్ని అడిగితే "మా నాయన అంతే. నాకైతే రెండు పూటలే" అన్నాడు. ఆ చెప్పిన మనిషి కూడా బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనివారం వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోయేవాడు. ఇక ఇంట్లో మిగిలిన మాటలన్నీ మా అత్తమ్మవే. ఆమె లేచినప్పటి నుంచి పడుకునే దాకా మామ మాట్లాడని మాటలు కూడా కలిపి మాట్లాడేది.

ఆమె మాటల్లో ముప్పాతిక భాగం మామగారి మోటర్ సైకిల్ గురించే. అది ఆమె కంటే ముందే ఆ ఇంటికి వచ్చింది. "నేను కాపురానికి వచ్చేతలికే ఇది ఈడ నిలబడుకోని ఉండాది. పెద్దపెళ్లాం మాదిరి" అనేది. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదట. ఆ మధ్య పుంగనూరు రోడ్డులో ఒక గుంతలో పడి వెనక చక్రం స్పోకులు కొన్ని తెగాయి. బస్టాండు దగ్గరి మెకానిక్కు చూసి "రిమ్మంతా తుప్పే. ఈ వయసులో యాల సార్ మీకు ఇదంతా, ఒక స్కూటర్ తీసుకోండి" అన్నాడు. బండిని అంటే ఓర్చుకునేవారే, వయసును అన్నాడు. మామ బండిని తోసుకుంటూ ఇంటికి వచ్చి, కొత్త రిమ్మూ కొత్త స్పోకులూ తెప్పించుకుని, పాత చక్రాన్ని వరండాలో పెట్టుకుని, పాత స్పోకులన్నీ కటింగ్ ప్లేయరుతో కటకటా కత్తిరించేశారు. కత్తిరించాక గుర్తొచ్చింది, ఏది ఎటునుంచి ఎటు పోయిందో చూసుకోలేదని.

(ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే ఇక్కడ తప్పకుండా తల పట్టుకుంటారు. పట్టుకోండి. మేమూ పట్టుకున్నాం.)

విప్పిన సామాను మాత్రం ఎంత శుభ్రంగా సర్దారో! ఆసుపత్రిలో మిగిలిపోయిన మాత్రల కవర్లు ఇంట్లో కట్టలు కట్టలుగా ఉండేవి. నట్టులన్నీ వాటిలో వేసి వరుసగా పేర్చారు. ఒక కవరు మీద సూర్యుడి బొమ్మ, ఒకదాని మీద చంద్రుడి బొమ్మ, ఒకదాని మీద "భోజనం తర్వాత" అని ఉండేది. తర్వాత మేము పని చేస్తున్నప్పుడు మామ చెయ్యి చాచి "భోజనం తర్వాతది ఇయ్యి" అంటే బ్రేకు కడ్డీ నట్టు అని అర్థం.

అయితే ఆ సామాను వరండా అంతా ఆక్రమించింది. టమేటా బాగా చవగ్గా ఉన్న కాలం. ముక్కలు ఎండబెట్టి ఊరగాయ పెట్టాలని గంపలకొద్దీ తెప్పించి పెట్టుకున్న అత్తమ్మ ఒక రోజు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి తీర్పు చెప్పింది. "ఆదివారానికంతా ఇది లేసి తిరగల్ల. లేకుంటే సోమారం పాతసామాన్లాయన్ని పిలిచి తూకానికి ఏసేస్తా. నాకు ఎండ కావల్ల, వరండా కావల్ల."

మామ చేతిలోని రిమ్మును పక్కన పెట్టారు. గడప దగ్గర టమేటాలు తుడుస్తున్న నాతో, "ఆదివారం కుప్పంలో మీ అక్క పాపకు బాప్తిస్మం గదమ్మా. బస్సు వద్దు. బండి మీద తీసుకపోతా" అన్నారు. నా చేతిలో టమేటా జారి గడప దాటి దొర్లుకుంటూ పోయింది. ఆయన నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. పెళ్లయిన తర్వాత నేను మా ఊరి మొహం చూడలేదు. రాత్రుళ్లు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చేది ఎవరికీ తెలియదనుకున్నాను. తలుపేసుకో అని చెప్పే మనిషికి తలుపు వెనక ఏడుపు వినపడదా?

"ఏ బండి మీద?" అంది అత్తమ్మ లోపలి నుంచి. "దానికి ఎనక కాలు లేదు గదా?"

మామ రిమ్మును ఎత్తి నావైపు చూశారు. "ఆ పక్క పట్టుకుంటావామ్మా?"

అట్లా మొదలైంది.

మధ్యలో ఉండే డ్రమ్ముకు రెండు అంచులు, అంచుల నిండా బొక్కలు. చుట్టూ రిమ్ముకు బొక్కలు. ఈ బొక్కలోంచి ఆ బొక్కకు స్పోకు దూర్చి, కొసన చిన్న మూతలాంటి నట్టు బిగించాలి. ఇంతే గదా అనుకున్నాను. చిన్నప్పుడు పక్కింటి వాళ్ల వాకిట్లో మెలికల ముగ్గు చూసి చూసి ఒక్క గీత తప్పకుండా వేసేదాన్ని. "మామా, ఇది మెలికల ముగ్గే. ఒకటి పైన, ఒకటి కింద" అని ధైర్యంగా చెప్పి, నేల మీద సుద్దతో బొమ్మ కూడా గీశాను. మామ ఆ బొమ్మను మందుల చీటీ చదివినంత శ్రద్ధగా చూసి తలూపారు. పాపం, నన్ను నమ్మారు.

ఇద్దరం చెరో వైపు నుంచి స్పోకులు దూరుస్తూ పోయాం. మొదట అవి అడవిలో కంప మాదిరి అన్ని దిక్కులా వేలాడుతూ ఒకదాన్నొకటి గీరుకుంటూ ఉంటే, ఒకటి సరిచేస్తే నాలుగు జారేవి. టమేటా మండీలో కాటా వేసే మా ఎదురింటాయన (మేము మండీ అప్ప అనేవాళ్లం) సైకిల్ ఆపి గేటు మీద మోచేతులు ఆన్చి, "సార్, సక్రం కడతాండారా, గంప అల్లుతాండారా?" అని అడిగి వెళ్లాడు. సాయంత్రానికి అన్నీ ఎక్కాయి, చివరి గుప్పెడు తప్ప. అవి ఎంత లాగినా రిమ్మును అందుకోలేదు. పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, స్పోకులు రెండు రకాలని. తల దగ్గర మెడ వంపు కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ. లోపలి నుంచి దూరేవి వేరు, బయటి నుంచి దూరేవి వేరు. మేము రెండూ కలిపి సంబరంగా ఎక్కించేశాం. ముగ్గులో గీతలకు మెడలుండవు మరి.

"అన్నీ తియ్యల్లా మామా?"

"తియ్యల్లమ్మా" అన్నారు మామ, అంతే శాంతంగా.

మరుసటి రోజు నా ఫోను మీద ఆధారపడ్డాం. అప్పుడప్పుడే మా వీధికి ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉండేది. ఎవరో తెల్లాయన చక్రం కడుతున్న వీడియో దొరికింది. ఆయన ఒక స్పోకు దూర్చేవాడు, వీడియో ఆగిపోయి తెర మధ్యలో చిన్న సున్నా గిర్రున తిరిగేది. చక్రం కట్టేది చూద్దామని పెడితే ఫోను తన చక్రం తాను చూపించేది. నేను మేడ మెట్ల మీద సిగ్నల్ దొరికిన చోట నిలబడి అరిచేదాన్ని. "మామా, ఇప్పుడు ఎడంపక్కకు తిప్పినాడు!" కింద నుంచి మామ, "ఎవరి ఎడంపక్క అమ్మా, ఆయనదా, నాదా?" అని అడిగేవారు. ఇంగ్లీషులో ఆయన ఏమంటున్నాడో నాకు అరకొరగా అర్థమయ్యేది. నడుమ నడుమ ఆయన జోకులు వేస్తున్నాడని తర్వాత తెలిసింది. వాటిని కూడా నేను మామకు సూచనలుగా చెప్పినట్టున్నాను.

ఎట్లయితేనేం, ఈసారి స్పోకులన్నీ ఎక్కాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. చక్రం చక్రంలాగే కనిపిస్తోంది! నేను చప్పట్లు కొట్టాను. మామ పెదవులు ఒక పక్కకు కొంచెం లేచాయి. (అదే ఆయన నవ్వు అని అప్పటికి కనిపెట్టాను.) టమేటా ముక్కల చాట పట్టుకుని అటుగా వచ్చిన అత్తమ్మ వంగి, చక్రాన్ని అటూ ఇటూ చూసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"గాలి యాడ కొట్టేది?"

ఇద్దరం చూశాం. ట్యూబు మూతి బయటికి రావలసిన బొక్క మీదనే రెండు స్పోకులు దగ్గరికి వచ్చి కత్తెరలా మూసుకుని ఉన్నాయి. పంపు కాదు గదా, అక్కడ వేలు కూడా దూరదు. డ్రమ్మును ఒక బొక్క అటు తిప్పి మొదలుపెట్టి ఉంటే సరిపోయేది.

"నేనేమన్నా సక్రాలు కట్టేదాన్నా, నాకేం తెలుస్తాది" అని చాట పట్టుకుని వెళ్లిపోయింది అత్తమ్మ. అయితే వెళ్లినామె మళ్లీ వచ్చింది. చాట పక్కన పెట్టి, పీట వేసుకుని కూర్చుని, "ఇద్దురూ కలిసి నా వరండాను ఏడాదంతా పెట్టుకునేట్టు ఉండారు. ఇట్లియ్యండి" అంటూ స్పోకులు రెండు రకాలుగా విడదీయడం మొదలుపెట్టింది. ఆమె ఒక్కొక్కటే అందిస్తుంటే, మామ దూర్చితే, నేను కొస నట్టు తిప్పాను. బండిని తిడుతూనే అందించింది. శుక్రవారం మధ్యాహ్నానికి మూడో చక్రం తయారైంది. గాలి కొట్టడానికి చోటు కూడా ఉంది.

కానీ కట్టిన చక్రం తిరగాలి, తిన్నగా తిరగాలి. దాన్ని బండికి ఎక్కించి, పక్కన ఒక అగ్గిపుల్ల కట్టి తిప్పితే, ఒక చోట పుల్లకు తగిలేది, ఒక చోట బెత్తెడు దూరం పోయేది. సంతలో తాగి నడిచే మనిషి మాదిరి ఊగేది. నేను ఊగే చోట స్పోకును పట్టుకుని పానాతో గట్టిగా బిగించబోతే మామ చెయ్యి అడ్డం పెట్టారు. "ఒకేసారి వద్దమ్మా. కొంచెం కొంచెం. డోసు ఎక్కువైతే ఇంకోపక్క రోగం వస్తాది." నిజంగానే ఈ పక్క లాగితే ఆ పక్క ఉబ్బేది. చుట్టూ తిరుగుతూ, నట్టును పావు చుట్టు బిగిస్తూ, తిప్పి చూస్తూ శనివారమంతా గడిపాం. చివరికి పుల్ల చప్పుడు ఆగింది. టైరు ఎక్కించి, గాలి కొట్టి, మామ వీధి చివరి దాకా పోయి వచ్చారు. మండీ అప్ప ఈసారి సైకిల్ దిగి నిలబడి చూశాడు.

ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరాం. నేను పెళ్లికి పెట్టిన చీర కట్టుకుని, పాపకు కొన్న వెండి గిలక్కాయ సంచిలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. మా ఆయన బెంగళూరు నుంచి రైల్లో నేరుగా కుప్పం వస్తానన్నాడు. అత్తమ్మ గేటు దగ్గర నిలబడి, "తోసుకోని మాత్రం రావద్దండి. ఆడనే పారేసి బస్సెక్కండి" అని దీవించి పంపింది.

పుంగనూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా నా కింద సీటు మెల్లగా అటూ ఇటూ కదలడం మొదలైంది. ఎదురొచ్చే వాళ్లందరూ మావైపు చెయ్యి ఊపుతున్నారు. "ఓ సార్! సక్రం! సక్రం!" అని ఒక ట్రాక్టరాయన అరిచాడు. హెల్మెట్లో ఉన్న మామకు వినపడలేదు. జనం పలకరిస్తున్నారనుకుని ఆయన కూడా హుందాగా చెయ్యెత్తి అందరికీ నమస్కారం పెడుతూ పోతున్నారు. నేను ఆయన భుజం మీద తట్టాలా వద్దా అని ఆలోచించాను. మామగారిని తాకవచ్చో లేదో మా ఊళ్లో ఎవరూ చెప్పి పంపలేదు. ఇంతలో బండి ఒక పెద్ద ఊపు ఊగింది. నేను రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుని, "మామా, ఆపు!" అని కేక వేశాను.

పుంగనూరులో ఒక టీ కొట్టు ముందు స్టాండు వేసి చూస్తే, కొత్త స్పోకులు రోడ్డు మీద సర్దుకుని సగం వదులైపోయాయి. క్షణంలో చుట్టూ జనం చేరారు. ఒకాయన బిగించమన్నాడు, ఒకాయన ముట్టుకోవద్దన్నాడు, ఒకాయన టైరు మార్చమన్నాడు. ఆదివారం కాబట్టి మెకానిక్కు షాపులన్నీ మూసి ఉన్నాయి. మామ హెల్మెట్ తీసి టీ కొట్టు బల్ల మీద కూలబడ్డారు. మొహం చిన్నబోయింది.

"నువ్వు బస్సెక్కమ్మా. పలమనేరు మీద కుప్పం పోయే బస్సు ఇప్పుడే వస్తాది. బాప్తిస్మం టైముకు పోవల్ల నువ్వు. నేను ఎట్లో ఒకట్ల ఎనక్కి పోతా."

బస్సు వచ్చింది కూడా. ఎక్కితే మా అమ్మను గంట ముందు చూస్తాను. నేను ఎక్కలేదు. ఎందుకో తెలియదు, పెళ్లయిన తర్వాత మొదటిసారి నాకు ఆ ఇంటి మనిషి మీద గట్టిగా కోపం వచ్చింది, ఆ కోపం సొంతవాళ్ల మీద వచ్చేలాంటిది. "నేను యాల పోతా మామా? ఈ సక్రం నువ్వొక్కడివే కట్టినావా? నా గోళ్లు సూడు!" అన్నాను. మామను 'నువ్వు' అనేశానని అన్న తర్వాత తెలిసింది. మామ నా చేతులకేసి చూశారు. జేబులోంచి పానా తీసి ఇచ్చారు.

వదులైనది ఏదో తెలుసుకోవడానికి పానాతో ఒక్కొక్క స్పోకును తట్టాను. టింగ్... టింగ్... టొంగ్. మామ చటుక్కున తలెత్తారు. "అది తగ్గింది." ఆయన ఆసుపత్రి చర్చిలో ఎన్నో ఏళ్లుగా పాటల బృందంలో పాడేవారు. నేను కుప్పంలో పాడిన దాన్నే. ఇద్దరికీ చెవులున్న సంగతి మాకు ఆ రోజే అక్కరకొచ్చింది. ఆయన "సా..." అని పట్టుకునేవారు, నేను స్పోకు తట్టేదాన్ని, తగ్గితే పావు చుట్టు బిగించేదాన్ని. ఆ పక్కవి ఒక స్వరం, ఈ పక్కవి ఒక స్వరం. నడుమ నడుమ మామ జేబులోని పెన్సిలు ఆనించి ఊపు చూసుకున్నాం. కళ్లు మూసుకుని రాగం తీస్తున్న పెద్దాయన, పక్కన చక్రాన్ని గంటలా కొడుతున్న ఆడమనిషి! టీ కొట్టు ముందు సువార్త సభ జరుగుతోందని వార్త పాకినట్టుంది. ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని వినయంగా ముందుకొచ్చాడు.

"అయ్యగారూ, మా ఆవు నిన్నట్నుంచి మేత ముట్టలేదు. ఒక ప్రార్థన చెయ్యండి."

"నేను అయ్యగార్ని కాదప్పా, కాంపౌండర్ని" అన్నారు మామ కళ్లు తెరిచి.

"అయితే ఇంకా మేలు సార్. మందే చెప్పండి."

పశువుల ఆసుపత్రికి తోలుకుపొమ్మని మామ నచ్చజెప్పారు. అయినా ముసలాయన కదలకపోయేసరికి, ఎందుకైనా మంచిదని ఆవు కోసం చిన్న ప్రార్థన కూడా చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను చివరి స్పోకు బిగించాను.

కుప్పం చేరేటప్పటికి చర్చి ముందు చెప్పులన్నీ అట్లాగే ఉన్నాయి. ఆ రోజు పాస్టరయ్య ప్రసంగం బాగా పొడుగైందట. జీవితంలో పొడుగాటి ప్రసంగానికి నేను దేవుడికి వందనాలు చెప్పుకున్నది ఆ ఒక్కసారే. మేము లోపలికి అడుగుపెట్టేసరికి పాపను ముందుకు తీసుకువస్తున్నారు. మా అక్క నన్ను చూడగానే ఆనందం పట్టలేక పాపను నా చేతుల్లో పెట్టింది, నేను ముద్దాడి మామకు ఇచ్చాను. ఫొటో అప్పుడే తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ మా అక్క వాళ్ల హాల్లో ఉంది. పాప తెల్లటి గౌను మీద నా వేళ్లు, మామ వేళ్లు నల్లగా అచ్చుపడి ఏవి ఎవరివో స్పష్టంగా తెలుస్తాయి. మా ఆయన మమ్మల్నిద్దర్నీ పైనుంచి కింది దాకా చూసి, "మీరు వచ్చినది బండి మీదనా, బొగ్గు లారీలోనా?" అన్నాడు. భోజనాల దగ్గర మామ మా నాయనకు చక్రం కట్టే పద్ధతి చెబుతూ విస్తట్లో అప్పడాన్ని రిమ్ము చేసి చూపించారు. అంతసేపు మాట్లాడిన మామను చూసి మా ఆయన అన్నం కలపడం మరిచిపోయాడు.

మరునాడు తోయకుండానే ఇల్లు చేరాం. అత్తమ్మ బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక చక్రాన్ని చేత్తో నొక్కింది.

"పడదు గదా?"

"పడదు" అన్నారు మామ.

"ఉండేవి ఊరగాయకు చాలవు. ఇంకో గంప టమేటా కావల్ల" అంటూ చెంగు నడుముకు దోపుకుంది. "మండీ దాకా పోదాం పా."

ఆమె అన్నేళ్లకు మొదటిసారి ఆ బండి ఎక్కి, ఒక పక్కకు కూర్చుని, మామ భుజాన్ని గట్టిగా పట్టుకుని, "మెల్లగా! మెల్లగా!" అని వీధంతా వినపడేట్టు అరుస్తూ మండీకి వెళ్లింది. పాతసామాన్లాయన ఊసు మళ్లీ ఎత్తలేదు.

మొన్న ఒక పెళ్లికి కారులో పోతూ మదనపల్లెలో సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కనే ఎవరో కుర్రాడి బండి వచ్చి ఆగింది. ఆగే ముందు దాని వెనక చక్రంలోంచి టొంగుమని ఒక చప్పుడు వచ్చింది. అద్దం దించి, "నాయనా, ఎనక స్పోకు ఒకటి వదులుగా ఉండాది, సూసుకో" అన్నాను. వాడు నా పట్టుచీరను, నా తలలో పూలను, మళ్లీ నన్ను చూసి, "అట్లే ఆంటీ, మెకానిక్కుకు చూపిస్తా" అని మర్యాదగా నవ్వాడు. ఎవరికో చూపిస్తాడట! ఆ రోజు పుంగనూరు టీ కొట్టు ముందున్న పిల్లయితే దిగి, కొంగు దోపి, పానా అడిగి ఉండేది. నేను గోళ్లకు కొత్తగా వేయించుకున్న రంగు చూసుకుని, అద్దం పైకెత్తుకుని, పచ్చ లైటు పడేదాకా లోలోపల "సా..." అనుకుంటూ కూర్చున్నాను.